మొదటి బిళ్ళ పసుపుది

"కేసు అయిపాయ తిరుపాల్. టీ తాగి ఇంటికి పో," అన్నాడు రాజశేఖర్.

తిరుపాల్ టీ తాగాడు. ఊరికే వచ్చిన టీని కాదనడం వాళ్ళ ఇంటా వంటా లేదు. ఇంటికి మాత్రం పోలేదు. టేబుల్ మీద విప్పి పెట్టిన కాగితం పొట్లాన్ని దగ్గరికి లాక్కుని, అందులోంచి ఒక తెల్ల బిళ్ళను రెండు వేళ్ళతో ఎత్తాడు. ఎత్తీ ఎత్తగానే దాని నెత్తి పలచటి చెక్కులాగా ఊడి కింద పడింది. ఇంకొకటి తీశాడు. దాని సంగతీ అంతే.

"చూస్తివి కదా. వీటిని టోపీ లేచిన బిళ్ళలంటారు ఈ కంపెనీలో. మిషన్ను గడగడా తిప్పితే పొడిలో ఉండే గాలి బయటికి పొయ్యేకి సందుండదు. లోపలే ఇరుక్కుని నెత్తిని ఎగేస్తుంది. ఫలానా స్పీడు దాటితే ఇట్ల అవుతుందని స్వప్న మేడం ఆ నకలు మిషన్ మీద ముందే చేసి చూపించింది. యోహాను దాటినాడు. టోపీ లేచింది. ఇంకేం గావాల నీకు?"

"వాడు దాటినాడని ఎవురు చూసినారు?"

"బిళ్ళలు చూసినాయి," అని నవ్వాడు రాజశేఖర్.

ఇద్దరూ డిటెక్టివులే. అయితే ఆ మాట ఇద్దరికీ ఒకేలా నప్పదు. ధర్మవరంలో రాజశేఖర్‌కు బోర్డున్న ఆఫీసు ఉంది. పట్టు వ్యాపారుల దగ్గర జరీ దొంగల్ని పట్టి పేరు తెచ్చుకున్నాడు. హిందూపురంలో జయమంగళి ల్యాబ్స్ అనే ఈ మందుల కంపెనీ నిఘా కూడా రెండేళ్ళుగా అతనిదే. తిరుపాల్‌కు హిందూపురంలో ఒక మేడమీది గది ఉంది. తప్పిపోయిన ఎనుములూ, పెళ్ళికి ముందు పెళ్ళికొడుకుల అసలు రంగూ వెతికి పెట్టడం అతని వృత్తి. పుట్టింది మాత్రం ఇద్దరూ పెనుకొండలో ఒకే వీధిలో. చిన్నప్పుడు ఒకే గిన్నెలో సంగటి తిన్నవాళ్ళు, 2001 డిసెంబరు నాటికి ఒక టేబుల్‌కు అటూ ఇటూ కూర్చుని ఒకరి ముఖం ఒకరు చదువుకుంటున్నారు.

కేసు వినడానికి చిన్నదే. బత్తలపల్లిలో వెన్నెల అనే ఎనిమిదేళ్ళ పిల్లకు పసితనం నుంచి ఫిట్స్. రెండేళ్ళుగా ఈ కంపెనీ బిళ్ళలు మింగుతూ బడికి పోతోంది. పోయిన వారం కొత్త డబ్బాలోంచి ఇచ్చిన బిళ్ళలు మొదలుపెట్టాక మళ్ళీ ఫిట్స్ వచ్చి పడిపోయింది. ఆసుపత్రిలో ఇంకా కళ్ళు సరిగా తెరవలేదు. రాజశేఖర్ వాళ్ళింటికి పోయి మిగిలిన బిళ్ళల పొట్లం తెచ్చాడు. ఊడిపోయిన ముక్కల్ని అవ్వ బిళ్ళలనుకుని ఇచ్చింది, మందు చాలలేదు, తప్పు మిషన్ తిప్పిన యోహానుది. ఇదీ అతను కట్టిన కథ. మధ్యాహ్నం పోలీసు జీపు వచ్చి యోహానును తీసుకుపోతుంది. పొట్లం కూడా వాళ్ళ చేతికి పోతుంది. యోహాను షిఫ్టులో తయారైన డబ్బాలు వెనక్కి వస్తాయి. అదే బ్యాచిలో మిగతా షిఫ్టుల డబ్బాలు ఎప్పటిలాగా ఊళ్ళకు పోతాయి.

కథ బాగానే ఉంది. దాన్ని చెడగొట్టింది పొద్దున బత్తలపల్లిలో రామక్క చూపించిన వేలు.

రామక్క వెన్నెలకు అవ్వ. యోహాను భార్య వచ్చి ఏడ్చిందని ఈ కేసు నెత్తికెత్తుకున్న తిరుపాల్, తెల్లవారగానే మొదటి బస్సుకు ఆమె దగ్గరికి పోయాడు.

"బిళ్ళ ఎట్ల ఇస్తాంటివవ్వా?"

"సగం ఇయ్యమన్యాడప్పా డాక్టరు. ఈ తూరి బిళ్ళ రాయి మాదిరుండె. చేత్తో ఇరిగితేనా? గడప మీద పెట్టి కొడవలి మొనతో కొడితే గాని రెండు కాలే. ఇదో, నా యేలు సూడు."

వేలి మీద కొడవలి గాటు ఉంది, ఇంకా మానలేదు. కొడవలికి లొంగని బిళ్ళ ఇక్కడ తిరుపాల్ వేళ్ళ మధ్యనే పొడి అవుతోంది. ఆ సంగతి అతను రాజశేఖర్‌కు చెప్పలేదు. పులిజూదంలో ఎత్తు ముందే చెప్పి ఆడేవాడు ఉండడు.

"ఒక బిళ్ళ ఇయ్యి. ఈ గోడ దాటి తీస్కపోను. జీపు వచ్చే లోపల నీ చేతిలో పెడతా."

"పోలీసులకు పోవాల్సినవి."

"టోపీ ఊడనిదొకటి ఉంటే చూడు."

రాజశేఖర్ ఒక నిమిషం ఊగిసలాడాడు. పొట్లంలో వెతికి, నెత్తి ఇంకా నిలిచి ఉన్న బిళ్ళను ఒక కాగితంలో చుట్టి ఇచ్చాడు. "నువ్వు అడిగింది నేను ఎప్పుడు లేదంటి?" అన్నాడు. ఆ మాట నిజమే. గోలీలు అడిగినా ఇచ్చాడు, సైకిలు అడిగినా ఇచ్చాడు.  తిరుపాల్ ఆ కాగితాన్ని జేబులో పెట్టుకున్నాడు.

యోహానును గేటు పక్కన టైమాఫీసులో కూర్చోబెట్టారు. తలుపు దగ్గర ఒక వాచ్‌మన్. నలభై దాటిన మనిషి, నీలం చొక్కా మీద పొడి మరకలు ఇంకా ఉన్నాయి. తిరుపాల్‌ను చూసి లేచి నిలబడ్డాడు.

"ఎందుకంత జోరుగా తిప్పినావప్పా?"

"తిప్పలే సార్. స్పీడు ముల్లు కాడ స్వప్న మేడం ఎర్ర గీత పెట్టింది. దాన్ని ఏ పొద్దూ దాటలా."

"క్రిస్మస్ పాటల ప్రాక్టీసుకని షిఫ్టు ముగియకముందే పోయినావంట కదా?"

"పోయినా. షిఫ్టు ముగిసినాక పోయినా. పాట నాకు రాదు సార్, నేను తబలా."

తిరుపాల్‌కు నవ్వు వచ్చింది. యోహానుకు రాలేదు.

"నీ మిషన్లో డైలు ఎప్పుడు మార్చినారు?"

డై అంటే నడుమ గుండ్రటి బొక్క ఉన్న ఉక్కు అచ్చు. ఆ బొక్కలో పొడి పడుతుంది. పైనుంచి ఒకటి, కింది నుంచి ఒకటి పంచ్ అనే ఉక్కు కడ్డీలు వచ్చి ఒత్తితే బిళ్ళ అవుతుంది.

"దసరాకు కొత్త సెట్టు ఏసినారు. పాతవి అరిగి బొక్కలు పెద్దవై, తూకం తప్పుతాందని తీసేసిరి. కొత్త సెట్టులో ఒకటి ఎగస్ట్రా ఉండాది, సామాన్ల బీరువాలో చూడండి." తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "జైలుకు పొయ్యేది పోతా సార్. నా కూతురుండాది, సంగీత. పసిబిడ్డకు కీడు చేసినోని కూతురని దాన్ని అంటారు. అదొక్కటి లేకుండా చేయండి."

తిరుపాల్ ఏమీ మాట ఇవ్వలేదు. మాట ఇచ్చి తప్పడం కంటే ఇవ్వకపోవడమే మర్యాద అని అతని లెక్క. నేరుగా మిషన్ల హాలులో సామాన్ల బీరువా దగ్గరికి పోయి, కొత్త సెట్టులోని ఆ మిగులు డైని తీశాడు. ఉక్కు చల్లగా తగిలింది. కాగితం విప్పి, బిళ్ళను డై బొక్క మీద పెట్టాడు.

బిళ్ళ ఆగలేదు. సులువుగా జారి, అడుగున పట్టిన అరచేతిలో పడింది.

తిరుపాల్ అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయాడు. అతని చెవుల్లో ఈ హాలు చప్పుడు పోయి ముప్పై ఏళ్ళ కిందటి చప్పుడు మొదలైంది.

పెనుకొండలో కొండ దాపున రేకుల షెడ్డు. షెడ్డులో అతని నాయన సంజీవప్ప చేతి మిషన్. పెద్ద చక్రం, దానికి తుమ్మకర్ర పిడి. చక్రం ఒక చుట్టు తిరిగితే ఒక తలనొప్పి బిళ్ళ. సోమందేపల్లి సంతలో ఆ బిళ్ళలకు పేరుండేది. తల్లి పోయి, తండ్రి తాగుడులో పడ్డాక, రాజశేఖర్ పగలంతా ఆ షెడ్డులోనే ఉండేవాడు. అతను కూడా సంజీవప్పను నాయన అనే పిలిచేవాడు. పిల్లలిద్దరూ వంతులేసుకుని చక్రం తిప్పేవాళ్ళు. ఒకసారి రాజశేఖర్ తిప్పినప్పుడు బిళ్ళ వంకరగా వచ్చింది. తిడతారని భయపడి, దాన్ని మళ్ళీ డైలో పెట్టి బొటనవేలితో తోశాడు. పోలేదు. సుత్తి వెతుకుతుంటే సంజీవప్ప చూసి, కడుపు పట్టుకుని నవ్వాడు.

"బయటికొచ్చినాక అది ఊపిరి పీలుస్తాదిరా. రవ్వంత ఉబ్బుతాది. పుట్టిన బొక్కలో మళ్ళీ పట్టదు."

తిట్టలేదు. వాడి తల నిమిరి, ఇంకో బిళ్ళ చేయమన్నాడు. ఆ షెడ్డు ఇప్పుడు లేదు. నాయన లేడు. ఆ తుమ్మకర్ర పిడి కింద ఎర్రబడిన అరచేతులు మాత్రం తిరుపాల్‌కు నిన్నటివిలాగే ఉన్నాయి. అంత సుఖంగా మళ్ళీ ఏ రోజూ అలిసిపోలేదు అనిపించింది.

కళ్ళు తుడుచుకుని లేచాడు. ఈ బిళ్ళ యోహాను మిషన్లో పుట్టలేదు. పుట్టి ఉంటే ఆ బొక్కలో మళ్ళీ పట్టేది కాదు. ఈ డై కంటే చిన్న డైలో ఎక్కడో పుట్టింది. అంత చిన్న డై ఈ కంపెనీలో ఎక్కడుందో అతనికి తెలుసు. తెలుసు కాబట్టే మెల్లగా నడిచాడు.

నకలు మిషన్ గది హాలు చివర, మెట్లెక్కితే ఉంది. మిషన్ అసలు పేరు కంపాక్షన్ సిమ్యులేటర్. ఆ పేరు నోరు తిరగక పనివాళ్ళు నకలు మిషన్ చేశారు. పెద్ద మిషన్ మీద ఒక కొత్త బిళ్ళను పరీక్షించాలంటే బస్తా పొడి కావాలి. ఇది చెంచాడుతో సరిపెడుతుంది. పెద్ద మిషన్ పంచ్ ఎంత జోరుగా దిగుతుందో, ఎంతసేపు ఒత్తి పట్టుకుంటుందో, అచ్చంగా అలాగే తన పంచ్‌ను దింపి, ఒక్కొక్క బిళ్ళే చేస్తుంది. ఒత్తిడి ఎలా ఎక్కిందో ఎలా దిగిందో కంప్యూటర్ తెర మీద గీతగా పడుతుంది. పెండ్లి వంటకు ముందు చారెడు పిండితో రుచి చూసుకున్నట్టు.

విదేశాల నుంచి ఇలాంటిది కొనాలంటే కంపెనీనే అమ్మాలి. అందుకని స్వప్న తనే కట్టుకుంది. సోమందేపల్లి సంతలో సంజీవప్ప పక్కన కాగితం పొట్లాలు కట్టి అమ్మినవాడి బిడ్డ ఆమె. ఎం.ఫార్మసీ చదివి ఈ కంపెనీలో చేరాక, "ఒక పాత చేతి మిషన్ కావాలన్నా, దానికి మోటారు పెట్టుకుంటా" అని తిరుపాల్‌ను అడిగింది. షెడ్డు అమ్మేసిన రోజు నుంచి ఇంట్లో గోనెపట్టా కప్పి ఉంచిన నాయన మిషన్‌ను అతను ఎడ్లబండి మీద స్వయంగా తెచ్చి ఇచ్చాడు.

ఆ మిషన్ ఇప్పుడు ఎదురుగా ఉంది. మోటారు పెట్టినా చక్రం తీయలేదు. చక్రానికి తుమ్మకర్ర పిడి కూడా అలాగే ఉంది.

"తీసేయబుద్ధి కాలేదన్నా," అంది స్వప్న, అతని చూపు చూసి.

తిరుపాల్ పిడి మీద చెయ్యి వేశాడు. రెండు చోట్ల అరిగి నున్నగా ఉంది. కింది అరుగుదల తనది, పైది రాజశేఖర్‌ది. వాడు అప్పట్లో ఒక బెత్తెడు పొడుగు ఎక్కువ.

"దీని డైకి, యోహాను మిషన్ డైకి తేడా ఎంతుంటుంది స్వప్నా?"

"వెంట్రుకంత. ఇది చిన్నది. ఆ తేడా నా లెక్కల్లో కలుపుకుంటా."

తిరుపాల్ బిళ్ళను ఆ డై మూతి మీద పెట్టాడు. బిళ్ళ దిగలేదు. వేలితో మెల్లగా తాకినా మూతి మీదే కూర్చుంది. స్వప్న ముఖం మారింది.

"ఇది నా మిషన్లో చేసింది. నేను చేయలేదన్నా."

"ఈ వారంలో దీన్ని ఎవురు తిప్పినారు?"

"ఎవురూ తిప్పలే. నేను బెంగళూరు పోయింటి కదా, మీటింగుకు. తాళం సెక్యూరిటీలో ఇచ్చి పోయినా. రాత్రి వచ్చినా, ఈ పొద్దు ఇంకా ఆన్ కూడా చేయలే."

తిరుపాల్ చూపుడువేలు డై గోడ చుట్టూ తిప్పి బయటికి తీశాడు. వేలికొసన సన్నటి పసుపుపచ్చ ఉంది. బిళ్ళను కిటికీ వెలుగులో పట్టుకుని చూశాడు. నెత్తి తెలుపు, అడుగు తెలుపు. అంచు చుట్టూ మాత్రం కనీ కనిపించని పచ్చటి జీర.

 సంజీవప్పకు ఒక అలవాటు ఉండేది. కొత్త పొడి పోసే ముందు ప్రతిసారీ పసుపూ చక్కెరా కలిపి ఒక బిళ్ళ ఒత్తేవాడు. "మిషన్‌కు గుడక నోరుండాదిరా. ఉత్త కడుపుతో దాన్ని పనికి పెట్టగూడదు" అనేవాడు. ఆ పసుపు బిళ్ళను రెండు ముక్కలు చేసి పిల్లలిద్దరి నోట్లో పెట్టేవాడు. ఈ లోకంలో ఆ పని చేసే మిషన్‌వాడు ఇంకొకడు లేడు. మిషన్ ఇచ్చిన రోజు తిరుపాల్ ఆ సంగతే స్వప్నకు చెప్పాడు.

"నువ్వు పసుపు బిళ్ళ ఏస్తావా దీంట్లో?" అని అడిగాడు. ఔననకూడదని లోపల మొక్కుకుంటూనే అడిగాడు.

"మొదటి దినం ఒక్కసారి ఏసినా, నువ్వు చెప్పినావని. డై తుడిచేకి పూట పట్టింది. పసుపు రవ్వంత ఉన్నా నా గీతలన్నీ తప్పుతాయన్నా. మీ నాయన ఏమీ అనుకోడులే అని అప్పుడే మానుకుంటి."

తిరుపాల్‌కు ఊపిరి వచ్చింది. వచ్చిన ఊపిరి మళ్ళీ ఆగింది. నాయన పోయాడు. స్వప్న వేయదు. తను వేయలేదు. ఇక మిగిలింది ఒక్క చెయ్యి.

"స్పీడు పెంచితే టోపీ లేస్తుందని ఎవురెవురికి చూపించినావు?"

"యజమాని గోవిందప్పకు. రాజశేఖరన్నకు. ఆయన తనే తిప్పి చూసె. ఇది మా నాయన మిషనే అని భలే మురిసిపాయ."

"జీపు బయల్దేరిందంట," అన్నాడు తలుపు దగ్గర రాజశేఖర్. "నా బిళ్ళ నాకియ్యి."

ఎప్పుడు వచ్చాడో తెలియదు. తిరుపాల్ బిళ్ళ ఇవ్వలేదు. జేబులోంచి యోహాను సెట్టు డై తీసి, బిళ్ళను అందులో వేసి, కింద చెయ్యి పట్టాడు. బిళ్ళ జారి పడింది. తర్వాత దాన్ని నాయన మిషన్ డై మూతి మీద పెట్టాడు. అది అక్కడే నిలిచింది.

"ఇది యోహాను మిషన్లో పుట్టలేదు."

"డై అరిగింటుంది."

"అరిగితే బొక్క పెద్దదైతుంది గాని చిన్నదైతుందా?"

 తిరుపాల్ ఆకూవక్క సంచి తీసి, సున్నం డబ్బీ మూత తెరిచి, వేలికొసన చిటికెడు సున్నం తీసుకుని బిళ్ళ అంచుకు రాశాడు. పచ్చటి జీర మెల్లగా ఎర్రబడింది. పసుపుకు సున్నం తగిలితే పారాణి అవుతుందని ఆ గదిలో ఎవరికీ చెప్పాల్సిన పని లేదు.

"పసుపు," అంది స్వప్న.

"పసుపు యాడిదైనా అంటుకుంటుంది," అన్నాడు రాజశేఖర్. గొంతులో మొదటిసారి తొందర వినిపించింది. "ఆ ముసలామె పసుపు చేతులతో పట్టుకునింటుంది."

"చేత్తో పట్టుకుంటే నెత్తి మీద అంటుతుంది, అడుగున అంటుతుంది. దీనికి అంచు చుట్టూ ఉండాది, గాజు మాదిరి. డై గోడకున్న పసుపును రాసుకుని బయటికొచ్చింది. ముందర ఒక పసుపు బిళ్ళ ఒత్తి, తర్వాత ఇవి ఒత్తినారు."

"అయితే నాకేం సంబంధం? తాళం నా ఒక్కడి దగ్గరే ఉండెనా?"

"తాళం సంగతి నేను నిన్నెప్పుడు అడిగితి?"

గుమ్మడికాయల దొంగ ఎవడంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే.  రాజశేఖర్ స్వప్న వైపు ఒకసారి చూశాడు. నేరం ఆమె మీదికి నెట్టడానికి అదే సమయం. ఆమె గది, ఆమె మిషన్, పరీక్షలకని ఆమె జాడీలో పెట్టుకున్న పొడి. తిరుపాల్ ఆ మాట కోసం భయపడుతూ ఎదురుచూశాడు. రాజశేఖర్ అనలేదు. తల దించుకుని తుమ్మకర్ర పిడి వైపు చూస్తూ ఉండిపోయాడు. స్వప్నను ఇరికించకుండా వదిలేసినందుకు తిరుపాల్‌కు వాడి మీద చచ్చిపోయిందనుకున్న ప్రేమ ఇంకా కొంచెం చావలేదని తెలిసింది.

"రాజా," అన్నాడు. చిన్నప్పటి పిలుపు అది, ఎన్నో ఏళ్ళకు నోటికి వచ్చింది. "అన్నీ ఎచ్చరికగా చేస్తివి. తాళం దొరకబట్టుకుంటివి, మంచి పొడి ఏస్తివి, టోపీ లేచేంత స్పీడు పెడితివి. డై కొలత నీకు గుర్తు లేకపోవచ్చు. పసుపు ఎందుకు ఏసినావురా?"

రాజశేఖర్ పిడి మీది పై అరుగుదలను బొటనవేలితో నిమిరాడు.

"నాయన మిషన్ అది," అన్నాడు రాజశేఖర్. "ఊరికే ఎట్ల తిప్పేది?"

తిరుపాల్‌కు కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ దానికంటే ముందు ఏడుపు వచ్చింది. ఒకడి బతుకు కూల్చే పనికి కూచున్నప్పుడు కూడా ఆ చెయ్యి ముందు పసుపు వెతుక్కుంది. ఆ బిళ్ళను ఏం చేశాడో అడగబోయి, అడగలేదు. సగం చేసి తినే తోడు లేకపోయినా వాడు దాన్ని పారేసి ఉండడు.

"అసలు పొట్లం యాడుండాది?"

"ఆ బిళ్ళలు బాగుండె తిరుపాల్. గట్టిగా, నున్నగా. ఎక్కడా లోపం కనపడలే. ఇవి ఇట్లనే ఇస్తే కేసు కంపెనీ మీదికి వస్తుందని గోవిందప్ప అనె. యోహానే ఏదో చేసింటాడు, రుజువు ఒకటే తక్కువ అని నాకు నేను చెప్పుకుంటి." చొక్కా లోపలి జేబులోంచి ఇంకో కాగితం పొట్లం తీశాడు. "పారేయలేకపోతి."

స్వప్న ఆ పొట్లం అందుకుంది. ఒక బిళ్ళను నలిపి చూసింది, రాలలేదు. గట్టిదనం కొలిచే చిన్న మరలో పెట్టి బిగించింది. బిళ్ళ ఎంతసేపటికో గాని పగల్లేదు. పగిలినప్పుడు నెత్తి లేవలేదు, సరిగ్గా నడిమికి రెండైంది.

"ఒత్తిడి సరిగానే పడింది. యోహాను పనిలో తప్పు లేదు," అంది. ఆ తర్వాత ఆమె ముఖంలో రంగు పోయింది. "ఒత్తిడిలో తప్పు లేకుండా పిల్లకు ఫిట్స్ వచ్చిందంటే, పొడిలో తప్పుండాల. నా మిషన్ ఒత్తిడినే చూస్తుందన్నా. పొడిలో మందు ఎంత కలిపినారో దానికి తెలియదు."

"పొడి కలిపించేది ఎవురు?"

"గోవిందప్పే. ఒకే తూరి కలిపిస్తాడు. మూడు షిఫ్టులకూ ఆ పొడే."

ముగ్గురూ ఒకేసారి కిటికీ వైపు తిరిగారు. కింద గోడౌను ముందు లారీ ఇంజను మొదలైంది. దాని నిండా తెల్ల డబ్బాల పెట్టెలు. మిగతా షిఫ్టుల డబ్బాలవి. బాగున్నాయని రాజశేఖర్ కట్టిన కథే తేల్చిన డబ్బాలు. అదే వేళకు గేటులోంచి పోలీసు జీపు లోపలికి వస్తోంది.

రాజశేఖర్ మెట్లు దిగిన వేగానికి తిరుపాల్ అందుకోలేకపోయాడు. కిందికి వచ్చేసరికి రాజశేఖర్ గేటు నడుమ, లారీ ముందర, రెండు చేతులూ బంపరు మీద పెట్టి నిలబడి ఉన్నాడు. జీపులోంచి దిగిన ఎస్సై టైమాఫీసు వైపు నడవబోతుంటే కేక వేశాడు.

"ఆ మనిషిని వదిలేయండి సార్. ఆ బిళ్ళలు నేను చేసినవి. ఎక్కించుకోవాల్సింది నన్ను."

టైమాఫీసు తలుపు దగ్గర యోహాను నిలబడి విన్నాడు. ముందు నమ్మలేదు. తర్వాత గోడకు చేరగిలి, నీలం చొక్కా అంచుతో ముఖం కప్పుకున్నాడు. వాచ్‌మన్ పక్కకు జరిగాడు.

తిరుపాల్ లారీ తలుపు తెరిచి డ్రైవర్‌ను కిందికి దించాడు. "ఇంజను ఆపప్పా. ఈ డబ్బాలు యాడికీ పోవు."

డ్రైవర్ బెదిరిపోయి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "నన్నేమి చేయమంటారు సార్? ఇది రెండో బండి. మొదటిది తెల్లారక ముందే పాయ."

"యా దిక్కు?"

"పెనుకొండ మీద రామగిరి, ఆడి నుంచి ధర్మవరం. దారిలో ఊరూరికీ దింపుకుంటా పోతాది."

బయటికొచ్చినాక పుట్టిన బొక్కలో మళ్ళీ పట్టదురా అన్న నాయన నవ్వు తిరుపాల్ చెవిలో వినిపించింది. బయటికి పోయిన ఆ డబ్బాల్ని వెనక్కి తెచ్చి, ఈసారి పట్టించాల్సిందే. ఎస్సై ఒక చెయ్యి పట్టుకున్నా, రాజశేఖర్ రెండో చేత్తో తన మోటారు సైకిలు తాళం తీసి, ఈసారి అడక్కముందే ఇచ్చాడు.

"రామగిరి దారి నీకు తెలుసు కదా," అన్నాడు. "బిరిన పో."